మన పిల్లల ఒంటికి సర్టిఫికెట్ ఇచ్చేదెవరు?

(పాలంపేటలో వాడ జనం, గురుకులం పిల్లల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట తీరు మార్చకుండా వేస్తున్నాం.)



పొద్దున్నే రామప్ప గుడి చూసొచ్చిన. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం చెబుతుంది. 2021లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ సంపద అన్నారు. గుడికి శిల్పి పేరే పెట్టిన్రని గైడు గొప్పగా చెప్పిండు. మంచిదే. రాయి తవ్వినోళ్ల పేర్లు, మోసినోళ్ల పేర్లు మాత్రం ఏ శాసనంల లేవు. ఆ సంగతి మీకు కొత్తగాదు. తల పైకెత్తితే నల్లరాతి మదనికలు కనబడతరు. సన్నటి నడుము, నిండు రొమ్ము, పొడుగు కాళ్లు. ఆడదంటే ఇట్లుండాలె అని ఎవరో కొలత పెట్టి చెక్కిచ్చిన్రు. నాటేసి, కలుపు తీసి, కట్టెల మోపు మోసి భుజాలు గట్టిపడ్డ మన అవ్వ ఆ కొలతల యాడున్నది?

ఈ మాట ఎందుకు ఎత్తుకున్ననంటే, ఇయ్యాల నేను చెప్పొచ్చింది గూడ ఆడమనిషి కొలత గురించే. రాతి మీది కొలత గాదు. రక్తంల కొలిచే కొలత. పరుగు పందాల ప్రపంచ పోటీలు నడిపే వరల్డ్ అథ్లెటిక్స్ అనే సంస్థ 2025లో ఒక రూలు తెచ్చింది. ఆ ఏడు సెప్టెంబర్ 1 నుంచి ప్రపంచ స్థాయి పోటీల్లో ఆడవాళ్ల విభాగంలో దిగాలంటే జన్యు పరీక్ష చేయించుకోవాలి. చెంప లోపల దూదిపుల్ల తిప్పి తీస్తారు, లేదా రక్తం తీస్తారు. ఎస్.ఆర్.వై. అనే జన్యువు ఉందా లేదా చూస్తారు. జీవితంలో ఒక్కసారే పరీక్ష. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలతో ఇది అమలైంది. పరీక్ష జరిపించే బాధ్యత ఏ దేశపు సంఘానికి ఆ దేశపు సంఘానిదే.

టోక్యో యాడ, పాలంపేట యాడ అంటరా? గురుకులాలల్ల మన పిల్లలు పరుగెత్తుతున్నరు, దుంకుతున్నరు, ఈటె విసురుతున్నరు. మండలం దాటి జిల్లా, జిల్లా దాటి రాష్ట్రం పోతున్నరు. అందుకే చెప్తున్న.

నందిని అగసర పేరు మీరు విన్నరు. హైదరాబాద్‌లో చాయ్ అమ్మే తండ్రి బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్నది. 2023 అక్టోబర్ 1న చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. హెప్టాథ్లాన్ అంటే ఏడు ఆటలు కలిపి ఒక పోటీ. రెండు రోజుల్లో హర్డిల్స్, హైజంప్, గుండు, రెండొందల మీటర్లు, లాంగ్‌జంప్, ఈటె, ఆఖరికి ఎనిమిది వందల మీటర్లు. నందినికి 5712 పాయింట్లు. నాలుగో స్థానంలో మన దేశపు పిల్లే, స్వప్న బర్మన్, 5708 పాయింట్లు. నాలుగే నాలుగు పాయింట్ల తేడా.

పతకం మెడలో పడిన సంబురం ఒక్క దినం గూడ నిలవలేదు. ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ వల్ల నా పతకం పోయిందని స్వప్న సోషల్ మీడియాలో రాసింది. ఆధారం ఏమీ చూపలేదు. తర్వాత ఆ రాత తీసేసింది. కానీ ఒకసారి బజార్ల పడ్డ మాటను ఎవరు తీస్తరు? నేనెవరో నాకు తెలుసు, రుజువు ఉంటే చూపెట్టమనండి అని ఆ ఇరవై ఏళ్ల పిల్ల దేశం గాని దేశంలో విలేకరుల ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంటి దగ్గర తల్లికి ఒంట్లో బాగాలేదు. అదే 2025 మే నెలలో కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్ బంగారు పతకం గెలిచింది, 5941 పాయింట్లతో. గెలిచింది కాబట్టి మళ్లీ తలెత్తుకున్నది. గెలవకపోతే ఆ మాటే ఆ పిల్ల పేరు అయిపోయేది.

ఇక్కడ స్వప్నను తిట్టుకుని ఊరుకుందామా? ఆగండి. ఆ పిల్లెవరు? పశ్చిమ బెంగాల్‌లో జల్పాయిగురి. రిక్షా తొక్కిన తండ్రి. రాజబంశీ కులం, అక్కడ షెడ్యూల్డు కులం. పుట్టుకతోనే రెండు కాళ్లకు ఆరేసి వేళ్లు. మామూలు బూట్లు కాలికి పట్టవు. ఆ నొప్పితోనే 2018 జకార్తాలో బంగారు పతకం గెలిచింది, మన దేశానికి ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో అది మొదటి బంగారం. అంటే ఒంటి తీరు వేరుగా ఉంటే లోకం ఎట్ల చూస్తదో ఆమెకు తెలియనిది కాదు. అయినా నాలుగు పాయింట్లకాడ అదే వేలు ఇంకో పేదింటి పిల్ల మీద చూపింది. పతకం వస్తే ఇల్లు, నౌకరి, నజరానా. నాలుగో స్థానానికి వట్టి చేతులు. ఒక్క రొట్టె ఏసి ఇద్దరు ఆకలిగొన్నోళ్లను కొట్లాటకు దింపినట్టుంది యవ్వారం. రొట్టె ఏసినోడు పక్కన కూసొని ఎవరి ఒంట్ల ఏమున్నదో పరీక్ష చేద్దాం అంటున్నడు.

నందినికైనా గొంతు మిగిలింది. గొంతు మిగలనామె ఒకామె ఉన్నది. శాంతి సౌందరాజన్. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా కత్తకురిచ్చి ఊరు. దళిత బిడ్డ, తల్లిదండ్రులు ఇటుక బట్టీ కూలీలు. 2006 డిసెంబర్‌లో దోహా ఆసియా క్రీడల్లో ఎనిమిది వందల మీటర్లలో వెండి పతకం గెలిచింది. ఆ తర్వాత పరీక్షలు చేశారు. ఏం పరీక్షలో, ఎందుకో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పినోళ్లు లేరు. పరీక్షలో తప్పిందని లోకమంతా టీవీలో విన్నది. ఇంట్ల కూసున్న తల్లి గూడ విన్నది. పతకం గుంజుకున్నరు.

అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి మాత్రం పిలిచి 15 లక్షల రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బులో చాలామటుకు ఊరి పిల్లలకు పరుగు నేర్పడానికి పెట్టింది. 2007లో ప్రాణం తీసుకోబోయింది, బతికింది. 2012 నాటికి మళ్లీ ఇటుక బట్టీలో రోజు కూలికి పోతున్నదని పత్రికలు రాసినయ్. చూడండి తిరుగుడు! బట్టీ నుంచి దోహా, దోహా నుంచి బట్టీ. తర్వాత బెంగళూరులో కోచింగ్ డిప్లొమా చదివింది. 2016లో గాని తమిళనాడు ప్రభుత్వం పర్మినెంటు కోచ్ ఉద్యోగం ఇయ్యలేదు. పదేళ్లు. పతకం ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆమె మందు మింగి పరుగెత్తలేదు. వయసు అబద్ధం చెప్పలేదు. అమ్మ కడుపులో తయారైన ఒంటితోనే పరుగెత్తింది. అదే నేరమైంది.

మరి ఆ ఒంట్ల ఏముంటది? కొంచెం సైన్సు చెప్తా, ఓపిక పట్టండి. మన ఒంట్లో ప్రతి కణంలో క్రోమోజోములుంటాయి. మామూలుగా ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. పదో తరగతి పుస్తకంలో అంతే రాస్తరు. కానీ మనుషులు పదో తరగతి పుస్తకం చూసి పుట్టరు. వై మీద ఉండే ఎస్.ఆర్.వై. జన్యువు కడుపులో పిండానికి వృషణాలు తయారుకమ్మని చెబుతుంది. 1990లో దీన్ని కనిపెట్టారు. కొందరికి ఆ జన్యువు ఉన్నా దాని మాట ఒళ్లు వినదు. మగ హార్మోను, టెస్టోస్టిరాన్, ఎంత ఉన్నా ఒళ్లు దాన్ని పట్టించుకోదు. ఆ బిడ్డ ఆడపిల్లగానే పుడుతుంది, ఆడపిల్లగానే పెరుగుతుంది. పెద్దమనిషి కాలేదని ఇంట్ల కొంచెం గుబులుపడతరు. దేవునికి మొక్కుతరు. అంతకు మించి ఎవరికీ తెలియదు, ఆ పిల్లకే తెలియదు. ఇంకా కొందరికి సగం సగం పనిచేస్తుంది. ఇది రోగం కాదు, శాపం కాదు, మోసం అసలే కాదు.

ఎస్.ఆర్.వై.ని కనిపెట్టిన బృందంలో ముఖ్యుడు ఆండ్రూ సింక్లెయిర్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త. ఈ పరీక్షను ఆడా మగా తేల్చడానికి వాడొద్దు అని ఆయనే 2025లో రాశాడు. జన్యువు ఉందో లేదో అది చెబుతుంది గానీ, ఆ జన్యువు పని చేస్తుందో లేదో, హార్మోన్ తయారవుతుందో లేదో, తయారైన హార్మోన్ ఒంటికి పడుతుందో లేదో చెప్పదని ఆయన మాట. కత్తి చేసిన కమ్మరే ఇది ఈ పనికి గాదురా అంటుంటే, కొనుక్కపోయినోడు వింటలేడు.

పోనీ ఇది కొత్త సంగతా? కాదు. 1966లో ఐరోపా పోటీల్లో ఆడవాళ్లను డాక్టర్ల ముందు బట్టల్లేకుండా నిలబెట్టి చూశారు. 1968 మెక్సికో ఒలింపిక్స్ నుంచి క్రోమోజోము పరీక్ష పెట్టారు. 1985లో మరియా హోసే మార్టినెస్ పాటినో అనే స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి జపాన్‌లో పరీక్ష తప్పింది. కాలికి దెబ్బ తగిలినట్టు నటించి తప్పుకోమన్నరు. మరుసటేడు మళ్లీ అదే చెబితే, నటించను పొమ్మని పరుగెత్తి గెలిచింది. సంగతి పత్రికలకెక్కింది. స్కాలర్‌షిప్ పోయింది, పతకాలు పోయినయ్, పెండ్లి చేసుకుంటానన్నవాడు పోయిండు. పోరాడి 1988లో మళ్లీ అర్హత తెచ్చుకున్నది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3387 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 8 మందికి ఈ జన్యువు కనబడింది. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. ఈ పరీక్షతో లాభం లేదు, నష్టమే ఉంది అని 1999లో ఒలింపిక్ సంఘం మానేసింది. డాక్టర్లు వద్దన్నరు, ఆటగాళ్లు వద్దన్నరు, మానేసిన్రు. ఆ మానేసిన దాన్నే కొత్త సంచిల పెట్టి మళ్లీ తెచ్చిన్రు.

మధ్యకాలంలో ఇంకో దారి తొక్కారు. టెస్టోస్టిరాన్ కొలత. దాని దెబ్బ మన పొరుగు పిల్ల ద్యుతి చంద్ మీద పడింది. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా, చేనేత కుటుంబం. 2014లో పద్దెనిమిదేళ్ల వయసులో గ్లాస్గో కామన్‌వెల్త్ పోటీల జట్టు నుంచి తీసేశారు. మందులు మింగి హార్మోన్ తగ్గించుకో, లేదా ఆపరేషన్ చేయించుకో అన్నరు. నా ఒళ్లు నాది, కోయించుకోను అన్నది. స్విట్జర్లాండులోని క్రీడా న్యాయస్థానానికి పోయింది. ఫీజు తీసుకోకుండా వాదించే లాయర్లు దొరికారు, పక్కన నిలబడ్డ పరిశోధకులు దొరికారు. 2015 జులైలో ఆ రూలును కోర్టు రెండేళ్లు ఆపింది. తర్వాత ఆమె మన హైదరాబాదులోనే, గోపీచంద్ అకాడమీలో సాధన చేసి 2018 జకార్తాలో రెండు వెండి పతకాలు తెచ్చింది. 2023లో ఆమె మీద నిషిద్ధ మందుల కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది. అది వేరే సంగతి, తప్పు తప్పే. కానీ మందు మింగడం వేరు, పుట్టడం వేరు. ఈ రెండింటిని ఒక్కగాట కట్టడమే అసలు అన్యాయం.

శాంతికి 2006లో లాయరు లేడు. ద్యుతికి 2014లో దొరికిండు. రేపు ములుగు నుంచి పోయే పిల్లకు దొరుకుతడా? ఇప్పటి రూలు మీద అప్పీలు చేయాలన్నా అదే స్విట్జర్లాండు పోవాలె. హన్మకొండ కోర్టుకు వాయిదాకు పోయొచ్చేతందుకే మనకు కూలి పోతది.

దక్షిణాఫ్రికాలో పల్లెటూరి నల్లజాతి బిడ్డ కాస్టర్ సెమెన్యా 2009 నుంచి ఈ పోరాటమే చేసింది. 2025 జులై 10న యూరప్ మానవ హక్కుల కోర్టు, స్విట్జర్లాండు కోర్టు ఆమె కేసును నికరంగా విచారించలేదని, న్యాయమైన విచారణ హక్కు ఆమెకు దక్కలేదని తీర్పు చెప్పింది. పదహారేండ్లు! పరుగెత్తే వయసంతా కోర్టు మెట్ల మీదనే గడిచింది.

ఇంకోటి చెప్తే మీ కడుపుల పేగులు కదులుతయ్. 2013లో ఒక వైద్య పత్రికలో ఫ్రాన్స్ డాక్టర్లు రాశారు. పేద దేశాల మారుమూల ఊర్ల నుంచి వచ్చిన నలుగురు అమ్మాయిలు, 18 నుంచి 21 ఏండ్ల లోపువాళ్లు. ఒంట్లో ఉన్నవాటి వల్ల ఆరోగ్యానికి ప్రమాదం లేదని డాక్టర్లే రాసుకున్నరు. అయినా ఆటలో కొనసాగాలంటే తీసేయాలని చెప్పి ఆపరేషన్ చేసి తీసేశారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. పేదింటి పిల్లలన్నది మాత్రం తెలుసు. ఏ డాక్టరు ప్రొఫెసర్ బిడ్డను అట్ల కోయమంటడు?

ఇప్పుడు నన్ను ఒకటి అడగొచ్చు. పొద్దున ఒక చదువుకున్న తమ్ముడు అడిగిండు గూడ. "అక్కా, మరి న్యాయం వద్దా? మన పిల్ల తిండి లేక, బూట్లు లేక ఏండ్లకేండ్లు సాధన చేసి, అవతలామె ఒంటి బలంతో ఓడిపోతే?" మంచి ప్రశ్న. దాటేసిపోను. మేటి మగవాళ్ల పరుగుకు, మేటి ఆడవాళ్ల పరుగుకు పది పన్నెండు శాతం తేడా ఉంటుంది. ఆడవాళ్లకు వేరే విభాగం కావాలె, ఉండాలె. అది లేకపోతే నందిని లేదు, స్వప్న లేదు. విభాగానికి గీత కావాలె అన్నదాంట్ల నాకు పేచీ లేదు. గీత యాడ గియ్యాలన్నది సైన్సు తెలిసినోళ్లు, ఆడేటోళ్లు కలిసి తేల్చుకోవాలె.

నా పేచీ రెండు కాడ ఉన్నది. పుట్టుకతో వచ్చిన బలం ఆడవాళ్లకే నేరం ఎందుకైంది? ఫిన్లాండులో ఈరో మాంటిరాంటా అని మంచు మీద స్కీయింగ్ చేసే మగాడు ఉండె. అతని వంశంలో ఒక జన్యువు తేడా వల్ల రక్తంలో ఎర్రకణాలు మామూలుకన్నా చాలా ఎక్కువ. అంటే అలుపు తక్కువ. 1964 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. ఆ జన్యువు సంగతి 1990లలో బయటపడింది. అప్పుడెవరన్నా పతకం తిరిగి ఇయ్యమన్నరా? అబ్బ, ఎంత అద్భుతం అన్నరు. మగాడికి జన్యువు వరం, ఆడదానికి జన్యువు నేరం. ఇది ఏ మనువు రాసిండు?

రెండో పేచీ, గీత ఏదైనా కానీ, దాన్ని గీసే తీరు. కొలత అన్నది లోపలికి రమ్మని పిలిచేందుకు గూడ ఉంటది. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి చూడండి. కూలీ తల్లిదండ్రుల బిడ్డ. ముఖం చూసి ఊర్ల ఎక్కిరిచ్చిన్రు, తల్లిని సూటిపోటి మాటలన్నరు. మేధోపరమైన లోపం ఉన్నవాళ్లకు పారా క్రీడల్లో వేరే తరగతి ఉంది, టి20 అంటారు. దానికీ పరీక్షలున్నాయి. ఆ పరీక్షలు ఆమెకు తలుపు తెరిచినయ్. 2024లో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో నాలుగు వందల మీటర్లు పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు పారిస్‌లో కాంస్యం తెచ్చింది. కొలిచేవాడి మనసుల ఏమున్నది? నువ్వు ఈ గేటుల గాదు బిడ్డా, ఆ గేటుల రా అంటున్నడా, గేటు బయటికి పో అంటున్నడా? శాంతికి ఏ గేటూ చూపలేదు.

ఒళ్లు కొలిచి మనిషిని తేల్చుడు మన జనానికి పాత అనుభవమే. 1901 జనాభా లెక్కలప్పుడు రిస్లీ అనే తెల్లదొర ముక్కుల కొలతలు పట్టి కులాలకు పెద్దా చిన్నా వరస పెట్టిండు. నేరస్త జాతులని ముద్రేసి ఎరుకల వాళ్ల వేలిముద్రలు తీసి, తప్పు చేసినా చేయకపోయినా పోలీసు హాజరు వేయించిన్రు. రక్తశుద్ధి కోసమే కులం అన్నవాళ్లకు బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో జవాబు చెప్పాడు. పంజాబు బ్రాహ్మడూ పంజాబు చమారూ ఒక్క జాతి రక్తమేనని, కులానికీ రక్తానికీ ముడిపెట్టడం అబద్ధమని తేల్చాడు. ఆ రక్తశుద్ధి ఇప్పుడు తెల్లకోటు వేసుకుని వచ్చింది.

అనుమానం వచ్చిన పిల్లనే ఎందుకు పరీక్ష చేస్తరు అంటే ఇప్పుడు అందరినీ చేస్తున్నాం కదా అని జవాబు చెబుతున్నరు. నిజమే. కానీ పరీక్ష తప్పితే ఏం జరుగుతుందో అందరికీ ఒకటి కాదు. ఉన్నోళ్ల పిల్లకు పుట్టిన దినం నుంచి డాక్టరు ఉంటడు, సంగతి చిన్నప్పుడే తెలుస్తది, ఆట పోతే ఇంకో చదువు ఉంటది. మన పిల్లకు తొలిసారి తెలిసేది ఆ కాగితంతోనే. ఆట పోతే కూలి, లేకుంటే పెండ్లి. ఆ కాగితం ఊర్ల తెలిస్తే పెండ్లి గూడ లేదు. 2012లో పశ్చిమ బెంగాల్‌లో పింకీ ప్రమాణిక్ అనే పరుగు క్రీడాకారిణిని పోలీసులు అరెస్టు చేసి పరీక్షలు చేయించినప్పుడు ఆమె బట్టల్లేని వీడియో బయటికొచ్చింది. 2014లో హైకోర్టు కేసు కొట్టేసింది. వీడియోను ఏ కోర్టు కొట్టేస్తది?

విచిత్రం ఒకటి చూడండి. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం ఈ దేశంలో నేరం, 1994 చట్టం. ఆడపిల్లను కాపాడడానికి తెచ్చిన చట్టం, మంచి చట్టం. ఆ కడుపు దాటి పుట్టి, పెరిగి, పరుగెత్తి పతకం కాడికి పోయినంక నువ్వు ఆడేనా అని ఆమెనే అడుగుతున్నరు. ఫ్రాన్సులో జన్యు పరీక్షల మీద చట్టం కట్టుదిట్టంగా ఉంది కాబట్టి 2025లో ఆ దేశపు క్రీడాకారిణుల పరీక్షలు సొంత దేశంలో జరపడానికి వీలు కాలేదు. మన దగ్గర డీఎన్‌ఏ బిల్లు పెట్టి 2023లో వెనక్కి తీసుకున్నరు. 2017లో సుప్రీంకోర్టు మాత్రం ఆంతరంగికత ప్రాథమిక హక్కు అన్నది. అంటే నీ ఒంటి సంగతి నీ సొత్తు. ప్రపంచ వైద్య సంఘం 2019లో డాక్టర్లకు ఇటువంటి రూళ్ల అమలులో పాలుపంచుకోవద్దని చెప్పింది. ఆ ఏడే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆడ క్రీడాకారుల మీద వివక్ష వద్దని తీర్మానం చేసింది.

ఆటల సంగతి పక్కన పెట్టినా జన్యు పరీక్ష మన గూడేలకు ఇప్పటికే వచ్చింది. 2019లో ములుగు జిల్లా అయింది గానీ మనం ఇప్పటికీ వరంగల్ జిల్లా అనే అంటం. ఈ జిల్లాల కోయ గూడేలున్నయ్. 2023 జులై 1న కేంద్రం సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షిస్తామన్నారు. పరీక్షించి కార్డు ఇస్తారు. ఇది కావలసిందే, ప్రాణాలు దక్కుతయ్. కానీ కార్డు మీద "వాహకం" అని ఉన్న పిల్లను రేపు పీఈటీ సారు గ్రౌండుకు రావొద్దంటే? అమెరికాలో కాలేజీ ఆటగాళ్లకు 2010 నుంచి ఈ పరీక్ష పెట్టారు. 2006లో ఒక నల్లజాతి ఫుట్‌బాల్ కుర్రవాడు సాధన తర్వాత చనిపోయాడు, ఆ కేసు తర్వాత. రక్తవ్యాధుల నిపుణుల సంఘం 2012లో ఏమన్నది? ఆట ఆడాలంటే ఈ పరీక్ష తప్పనిసరి అనొద్దు, అందరికీ ఎండలో నీళ్లు, విరామం ఇచ్చి సాధన చేయించండి అన్నది. చూసిన్రా, పిల్లను తీసేయడం సులువు. గ్రౌండుల నీళ్ల కుండ పెట్టడం కష్టం.

ఇంకో దుకాణం గూడ తెరిచిన్రు. మీ పిల్ల పరుగుకు పనికొస్తదా, బరువులకు పనికొస్తదా, ఉమ్మి పంపితే చెప్తం అంటున్నరు. ఏసీటీఎన్3 అని వేగం జన్యువట. 2015లో ఈ రంగపు నిపుణులే కూర్చుని, ఆటగాళ్లను ఎంపిక చేయడానికి ఈ పరీక్షలు పనికిరావని రాసిచ్చారు. అయినా అమ్ముతరు. పుట్టుకలోనే నీ పని రాసిపెట్టి ఉన్నది అనే మాట మనం ఎన్ని వందల ఏండ్లు విన్నం? చెప్పులు కుట్టేటోడు కుట్టాలె, చాకిరేవు చేసేటోడు చేయాలె. అప్పుడు తాళపత్రం చూపిన్రు. ఇప్పుడు కంప్యూటర్ కాగితం చూపుతున్నరు.

(ప్రసంగం అయ్యాక ఒక తండ్రి లేచి, "సంతకం పెట్టకపోతే పిల్లను తీసేస్తరు గదా తల్లీ, మేమేం జెయ్యాలె?" అని అడిగాడు. దానికి చెప్పిన జవాబు.)

అన్నా, నిజం చెప్తా. పై స్థాయికి పోయిన పిల్ల పరీక్ష వద్దంటే ఇయ్యాల ఆడనియ్యరు. సంతకం పెట్టొద్దని చెప్పి నీ బిడ్డ కాళ్లు నేను కట్టెయ్యను. కానీ తెల్లకాగితం మీద పెట్టొద్దు, ఇంగ్లిషు కాగితం మీద చదవకుండ పెట్టొద్దు. తెలుగుల రాసియ్యమను. ఏ పరీక్షో, ఎవరు చూస్తరో, కాగితం యాడ పెడతరో రాయమను. ఫలితం ముందు పిల్లకు చెప్పాలె, నీకు గాదు, నాకు గాదు, పేపరోళ్లకు అసలే గాదు. చెప్పేటప్పుడు తెలిసిన ఆడ డాక్టరు పక్కనుండాలె. ఒక్క పరీక్షతో తేల్చొద్దు, ఇంకో ల్యాబుల చేయించాలె, ఖర్చు సంఘమే పెట్టాలె. టోక్యో అప్పుడు ఒక్కో పరీక్షకు వంద డాలర్ల దాకా ఇచ్చిన్రు, ఇయ్యలేక కాదు. ఆట ఆగిపోతే స్కాలర్‌షిప్, హాస్టలు, స్పోర్ట్స్ కోటా ఆగొద్దు. శాంతి పదేండ్లు ఆగింది నౌకరీకి. ఇది మనం సంఘంగా అడగాలె, ఒక్క తండ్రి అడిగితే ఇనరు.

మండల పోటీలకు, జిల్లా పోటీలకు ఈ పరీక్ష లేదు. ఎవరన్నా మీ పిల్లను చూసి మగరాయుడి లెక్కున్నది, టెస్టు చేయించుకొని రా అంటే, ఏ రూలో కాగితం మీద రాసియ్యమనుండ్రి. రాసియ్యరు.

(వెనక నుంచి ఒక అమ్మాయి, "మేడం, ఆ డబ్బా మీద మా పేరు రాస్తరా, నంబరు రాస్తరా?" అని అడిగింది.)

నంబరే రాయాలె బిడ్డా. పేరు వేరే కాగితం మీద ఉండాలె, తాళం వేసి. నీ పేరు రాస్తుంటే రాయనియ్యకు. నువ్వు నాలుగు వందల మీటర్లు గదా? సెలక్షన్ ఎప్పుడు? వచ్చే నెలనా. సరే, అడగాల్సినవన్నీ తెలుగుల ఒక్క పేజీల రాసి మీ పీఈటీ మేడంకు ఈ ఆదివారంలోపు పంపిస్త.